కక్కలేదు, దగ్గాను

నా చిన్నప్పుడు నన్ను దొంగన్నారు. బయటివాళ్ళు కాదు, మా ఇంట్లోవాళ్ళే. ఇప్పుడు న్యూజీలాండ్‌లో ఈ టకానిని ఇంట్లో హీటరు పక్కన కూర్చుని ఈ మాట చెబుతుంటే మా మనవరాలు పడిపడి నవ్వుతుంది. అమ్మమ్మ దొంగా అని దానికి వింత. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. నవ్వితే నవ్వనీ. డెబ్బై దాటినా ఆ సంగతి తలుచుకుంటే నాకు మాత్రం ఒళ్ళు మండుకొస్తుంది. అందుకే మొదటినుంచీ చెబుతాను.

మాది కృష్ణ కాలవ పక్కన ఊరు. ఉమ్మడి కుటుంబం. పెదనాన్న, పెద్దమ్మ, మా అమ్మానాన్నలు, పిల్లలం, అందరితోపాటు మా మేనత్త. మేనత్త పెదనాన్నకి చెల్లెలు, మా నాన్నకి అక్క. పెళ్ళై వెళ్ళిన కొన్నేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అలా వచ్చినవాళ్ళు గొంతు తగ్గించుకుని ఒక మూల పడి ఉండాలని ఆ రోజుల్లో అందరి అభిప్రాయం. మా మేనత్తకి గొంతు తగ్గించడం చేతనయ్యేది కాదు. వీధరుగు మీద కూర్చుని మాట్లాడితే వంటింట్లో ఉన్న పెద్దమ్మకి వినపడేది. వినపడాలనే మాట్లాడేదేమో కూడా.

ఒకనాడు పెద్దమ్మ చెవి దిద్దు పోయింది. తలంటుకునేముందు రెండూ తీసి గూట్లో పెట్టిందట, వచ్చి చూస్తే ఒకటే ఉందట. ఆ పూట దువ్వెన కోసం గూటి దగ్గరికి వెళ్ళింది నేను. ఇంకేం కావాలి! నా పుస్తకాల సంచి దులిపారు. నా పరికిణీ అంచు మడత విప్పి చూశారు. జడ కూడా విప్పించారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోతే నేను తియ్యలేదని కదా అనుకోవాలి, ఎంత బాగా దాచిందో అన్నారు. మా అమ్మకి తోటికోడలి ముందు నోరు లేచేది కాదు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ కూర్చుంది.

అప్పుడు పెద్దమ్మ నన్ను ప్రమాణం చెయ్యమంది. దేవుడి గూడు ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించి, నా చేత ఆ మంటని అరచేత్తో ఆర్పించింది. అనాల్సిన మాటలు కూడా ఆవిడే అందించింది. "నేను దిద్దు తీసి ఉంటే రక్తం కక్కుకుని చస్తాను." తియ్యలేదు గనక నాకేం భయం? పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూసేంత గట్టిగా అరిచి మరీ చెప్పాను. చెయ్యి కాలింది గానీ, నిజం చెప్పాను కదా అని ఆ పూట అన్నం కూడా కడుపునిండా తిన్నాను.

అది జరిగిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం బడినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. దగ్గొచ్చింది. నోట్లో ఉప్పగా తగిలితే పెరట్లో ఉమ్మాను. ఎర్రగా రక్తం. చూసింది ఎవరనుకున్నారు? పెద్దమ్మే. చేతిలో చెంబు కింద పడేసి "అమ్మో, కక్కుకుంది! పిల్ల రక్తం కక్కుకుంది!" అని కేక పెట్టింది.

ఆ కేకతో నా కథ తేలిపోయింది. పెరట్లోకి ఎవరెవరో వచ్చారు, చూశారు, గుండెల మీద చేతులు వేసుకున్నారు. నేను దగ్గానని ఒక్కరూ అనలేదు. దగ్గడం వేరు, కక్కడం వేరు అని పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ మన భాషలో రక్తానికి ఆ మాట అతుక్కుపోయింది. రక్తం అనగానే కక్కుకోవడమే. ప్రమాణం తప్పినవాళ్ళు కక్కుకుంటారు, ప్రయోగం చేయించినవాళ్ళ మీదికి అది తిరగబడితే కక్కుకుంటారు. తిట్టేవాళ్ళంతా రక్తం కక్కుకుని చావమనే తిడతారు. ఆ ఒక్క మాటలోనే నేరం, రుజువు, శిక్ష మూడూ ఉన్నాయి. ఇక నన్ను అడగడానికి వాళ్ళకి ఏం మిగిలింది?

మర్నాడూ దగ్గాను, మళ్ళీ పడింది. తాయెత్తు కట్టే ఆయనకి కబురు వెళ్ళింది. మా అమ్మ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, జుట్టు నిమురుతూ, "తీశానని చెప్పెయ్యవే తల్లీ. ఒప్పుకుంటే అమ్మవారు శాంతిస్తుందట, నీ ప్రాణం దక్కుతుంది. ఎక్కడ పెట్టావో చెప్పకపోయినా ఫరవాలేదు" అని బతిమాలింది. నన్ను చంపుకోలేక దొంగని చేసుకోవడానికి సిద్ధపడింది పిచ్చితల్లి. ఆవిడని నేను ఏనాడూ తప్పు పట్టలేదు. కానీ ఆ మాట విన్నాక నాకు నా మీదే అనుమానం వచ్చింది. నిద్రలో లేచి నేనే తీశానేమో, తీసి మర్చిపోయానేమో అనుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లని. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటే మాట అంటుంటే ఎంతసేపు నిలబడతాను? తీశాననే చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా.

సరిగ్గా ఆ సమయానికి మేనత్త వచ్చింది. ఎవరి పురిటికో సాయం వెళ్ళి కొన్నాళ్ళుగా ఇంట్లో లేదు. గుమ్మంలోనే ఎవరో చెప్పినట్టున్నారు, చేతిసంచి కూడా దింపకుండా లోపలికి వచ్చింది. "లేవండి, గాలి ఆడనివ్వండి దానికి. ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళైనా దాన్ని అడిగారా ఏం జరిగిందని?" అంది. నన్ను రెక్క పట్టుకుని వెలుతురు పడే పెరటి వసారాలోకి తీసుకువెళ్ళి పీట మీద కూర్చోబెట్టింది. తెల్ల పింగాణీ పళ్ళెం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"దగ్గొచ్చినప్పుడు ఇందులో ఉమ్ము. భయమేస్తే కూడా కళ్ళు మూసుకోకు, చూడు. చూసి నాకు చెప్పు" అంది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. దగ్గొచ్చి పడిందా, కడుపులో తిప్పి పడిందా? అందులో అన్నం మెతుకులున్నాయా? ఎర్రగా ఉందా, నల్లగా ఉందా? నురగ ఉందా? ముందు ఎక్కడ తెలిసింది, ఛాతీలోనా, గొంతులోనా, ముక్కులోనా? ప్రతిదానికీ నేను పెద్దమ్మ మొహం వంక చూస్తుంటే నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "అటు చూడకు. గొంతు నీది, దగ్గు నీది. ఆవిడకేం తెలుసు?"

అప్పుడు మొదటిసారి నేను నా లోపలికి చూసుకున్నాను. కడుపులో తిప్పలేదు. మెతుకుల్లేవు. ఎర్రటి రక్తం, నురగ లేదు. దగ్గుకి ముందు ముక్కు వెనకాల ఎక్కడో దురదగా, ఏదో పాకినట్టుగా ఉండేది, అక్కడినుంచి గొంతులోకి వెచ్చగా జారేది, అప్పుడు దగ్గొచ్చేది. ఇదంతా నాకు తెలుసు. తెలుసని నాకే తెలియదు, అడిగినవాళ్ళు లేక. చెబుతూ ఉంటే ఏడుపు ఆగిపోయింది. మేనత్త అంతా విని లేచి నిలబడి ఇంట్లోకి వినపడేలా అంది, "పిల్ల కక్కలేదు. దగ్గింది. ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలిసినవాళ్ళ దగ్గరికి వెళుతున్నాం. వదినా, నువ్వూ రా."

పెద్దమ్మ నేనెందుకంది. "కర్పూరం వెలిగించిన చెయ్యి నీదేగా. నీ కళ్ళతోనే చూద్దువుగాని" అంది మేనత్త. తాయెత్తాయన వచ్చేలోపే మమ్మల్నిద్దరినీ బస్సెక్కించింది.

బస్సులో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మామయ్య సంగతి చెప్పింది, తన భర్త సంగతి. అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన కూడా దగ్గితే రక్తం పడేదట. అత్తవారింట్లో ఎవరో చేతబడి చేయించారన్నారు. కొందరు కోడలి పాదం మంచిది కాదన్నారు. నిమ్మకాయలు కోశారు, ముగ్గులేశారు, నెలలు గడిచిపోయాయి. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి క్షయ రెండు ఊపిరితిత్తుల్నీ తినేసింది. ముందే తెస్తే మందులుండేవి కదమ్మా అన్నాడట డాక్టరు. "నేనప్పుడు నోరు మూసుకున్నానే. కొత్తకోడల్ని, నాకేం తెలుసులే అనుకున్నాను. చూడకుండా పేరు పెట్టేసి మనిషిని చంపుకున్నారు. ఇంకోసారి నా కళ్ళముందు అలా జరగనిస్తానా?" అంది. పక్క సీట్లో పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తాలూకా ఆసుపత్రిలో డాక్టరు గారు తలకి గుండ్రటి అద్దం కట్టుకుని ఉన్నారు. మేనత్త నన్ను ముందుకి నెట్టి, "ఇదే చెబుతుందండీ" అంది. నేను చెప్పాను. మెతుకుల్లేవని, నురగ లేదని, ముక్కు వెనకాల పాకినట్టు ఉంటుందని అన్నీ చెప్పాను. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు, వీపు మీద వేళ్ళతో కొట్టి విన్నారు. నోరు తెరిపించి చూశారు, అద్దంలోంచి ఎండని నా ముక్కులోకి పంపి చూశారు. అప్పుడు "కాలవలో నీళ్ళు తాగుతావా?" అని అడిగారు. మా ఊళ్ళో పిల్లలందరం బడినుంచి వస్తూ వంగి కాలవలో మూతిపెట్టి తాగేవాళ్ళం. ఔనన్నాను. ఆయన నవ్వి, నాకు మంచినీళ్ళు ఇవ్వొద్దని చెప్పి చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. నాకు దాహంతో నాలుక పిడచగట్టుకుపోయింది.

తర్వాత గిన్నెనిండా చల్లటి నీళ్ళు తెప్పించి నా ముక్కు కింద పట్టారు. కదలొద్దన్నారు, తాగొద్దన్నారు. నీళ్ళ చలవ ముక్కుకి తగులుతోంది. ఇంతలో లోపల ఆ పాకడం మొదలైంది. నా కంటికి కనపడకపోయినా పెద్దమ్మ మొహంలో కనపడింది. ఆవిడ కళ్ళు ఇంతింతయ్యాయి. నా ముక్కులోంచి నల్లగా ఒకటి తల బయటపెట్టి నీళ్ళకోసం సాగుతోందట. డాక్టరు గారు సన్నటి పట్టకారుతో పట్టుకుని మెల్లగా లాగారు. నా చిటికెనవేలంత జలగ. కాలవలో నూలుపోగంత ఉన్నప్పుడు నీళ్ళతోపాటు లోపలికి పోయి, ముక్కు వెనకాల అతుక్కుని, నా రక్తం తాగి అంతైందట. అది కొరికినచోటినుంచి గొంతులోకి కారిన రక్తమే దగ్గుతో బయటపడేది.

పెద్దమ్మ కెవ్వుమని మేనత్త భుజం పట్టుకుంది. మేనత్త ఆ గిన్నె ఆవిడ ముందుకి జరిపి, "చూశావుగా వదినా. దొంగ దొరికింది. దీనికి చెవుల్లేవు, నీ దిద్దుతో పనిలేదు" అంది. డాక్టరు గారికి సంగతేమిటో తెలియదు కాబట్టి ఆయన అయోమయంగా చూశారు. నేను నవ్వాను. అన్నాళ్ళకి అదే నవ్వడం.

దిద్దు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. పెద్దమ్మ నాకు సారీ లాంటి మాటేదీ చెప్పలేదు. ఆ రోజు అన్నంలో నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేసింది. తిన్నాను, మర్చిపోలేదు. మా అమ్మ మాత్రం మేనత్త కాళ్ళు పట్టుకోబోతే, మేనత్త, "చాల్లే, ముందు దాన్ని కాలవలో మూతిపెట్టొద్దని చెప్పు" అని కసిరింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన చలికాలం నాకు మళ్ళీ దగ్గుతో రక్తం పడింది. ఇక్కడ చలికాలమంటే ఆషాఢం. మన లెక్కకి అంతా తలకిందులు. పొద్దున్నే కాఫీ పెట్టుకోబోతూ దగ్గాను, తెల్లటి సింకులో ఎర్రగా పడింది. గుండె ఝల్లుమంది, కాదనను. కానీ చెయ్యి తనంతట తానే వెళ్ళి అలమరలోంచి తెల్ల సాసరు తీసింది. మళ్ళీ దగ్గి అందులో ఉమ్మాను, చూశాను. ఎర్రగా ఉంది, అక్కడక్కడ నురగ ఉంది, కాస్త కఫం కలిసింది. మెతుకుల్లేవు, కడుపులో తిప్పడం లేదు. ఈసారి ముక్కులో కాదు, ఛాతీలో కుడిపక్క గరగరమంటోంది. ఫోన్‌తో ఫోటో కూడా తీశాను. మనవరాలు నేర్పిన విద్య.

అప్పుడే మా అమ్మాయి వచ్చి చూసింది. ఐటీలో పెద్ద ఉద్యోగం దానిది, తన కింద బోలెడుమంది పనిచేస్తారు. చూడగానే అల్లుడికి ఫోన్ చేసి ఏమందో తెలుసా? "ఏమండీ, అమ్మ బ్లడ్ కక్కుకుంది!" ఎక్కడి కృష్ణ కాలవ, ఎక్కడి న్యూజీలాండ్. ఆ మాట సముద్రాలు దాటి మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. కక్కలేదే, దగ్గానే అని నేను చెబుతూనే ఉన్నాను. "సరేలే అమ్మా, ఏదో ఒకటి. ముందు జీపీ డాక్టర్ దగ్గరికి వెళదాం, నేను హ్యాండిల్ చేస్తా. నువ్వు కామ్‌గా ఉండు" అంది. ఏదో ఒకటి ఎలా అవుతుంది!

క్లినిక్‌లో డాక్టరమ్మ ఈ దేశపు కివీ ఆవిడ, మంచి మనిషి. మా అమ్మాయి గబగబా చెప్పేసింది. వామిటింగ్ బ్లడ్ అన్న మాట నాకు తెలియనిదేమీ కాదు. డాక్టరమ్మ వెంటనే నా కడుపు నొక్కడం మొదలుపెట్టింది. మోకాలి నొప్పికి ఏం మాత్రలు వేసుకుంటున్నానని, విరేచనం నల్లగా అవుతోందా అని అడిగింది. కడుపులోకి కెమెరా వెయ్యాల్సి ఉంటుందేమో అంది. ఆవిడ తప్పేముంది? కక్కుకుందని చెబితే కడుపే చూస్తుంది. దగ్గాన్నేను, అటు చూడమని ఎవరో ఒకరు చెప్పాలి కదా. చెయ్యెత్తి, "నో వామిట్. కాఫు, కాఫు" అన్నాను.

నా నోట్లో ప్రతి ఇంగ్లీషు మాటకీ చివర ఒక ఉకారం తగులుకుంటుంది. బస్సు, కారు, బ్యాంకు. అలాగే కాఫు కూడా. డాక్టరమ్మ చటుక్కున తలెత్తి "కాఫీ?" అంది. నేను ఔను ఔను, కాఫు అన్నాను. ఆవిడ మొహం ఇంకా గంభీరమైపోయింది, టకటకా ఏదో టైప్ చేసింది. కడుపులో నెత్తురు నిలవుండి కక్కితే కాఫీ మడ్డిలా ఉంటుందట, అదే పెద్ద గుర్తట. అది నాకు తర్వాత తెలిసింది. మా అమ్మాయేమో నా చెవిలో, "ఇంటికెళ్ళి తాగుదువుగానిలే అమ్మా" అంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "తెలుగు తెలిసిన మనిషిని తెప్పించమను. నా దగ్గు నేను చెప్పుకుంటాను" అన్నాను. పరువు పోతోందమ్మా అంది. పోతే పోనీ అన్నాను.

ఫోన్‌లో తెలుగులోకి మార్చి చెప్పే మనిషిని కలిపారు. స్పీకర్‌లోంచి కుర్రాడి గొంతు వచ్చింది. "నమస్తే అమ్మా. డునెడిన్ నుంచి మాట్లాడుతున్న. మీరు రక్తం కక్కుకున్నరంట గదా?" అన్నాడు పాపం. "కక్కుకోలేదు నాయనా. దగ్గాను. దగ్గితే పడింది. ఆ రెండూ వేరని ముందు ఆవిడకి చెప్పు. కాఫీ అనకు" అన్నాను. అతను "సమజైందమ్మా. అట్లనే చెప్త" అన్నాడు. చెప్పాడు. డాక్టరమ్మ రెండు చేతులూ కీబోర్డు మీదినుంచి తీసేసి, కుర్చీ నావైపు తిప్పుకుంది. నా మొహంలోకి చూస్తూ ఒక్కొక్కటే అడిగింది, అతను తెలుగులో చెబుతూ పోయాడు.

"దగ్గినంక పడ్డదా, కడుపుల తిప్పినంక పడ్డదా అమ్మా? అండ్ల అన్నం మెతుకులు ఉన్నయా? ఎర్రగ ఉందా, నల్లగ ఉందా? నురుగు ఉందా? ముక్కుకెళ్ళి కారినట్టు అనిపించిందా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఎక్కడో డునెడిన్ ఊళ్ళో కూర్చున్న కరీంనగర్ యాస కుర్రాడి గొంతులో మా మేనత్త ప్రశ్నలు వినపడ్డాయి. అవే ప్రశ్నలు, ఇంచుమించు అదే వరస. డాక్టరమ్మ కంగారుపడి టిష్యూ అందించింది. నొప్పిగా ఉందా అని అడిగించింది. లేదమ్మా, ఇన్నాళ్ళకి సరిగ్గా అడిగేవాళ్ళు దొరికారని చెప్పమన్నాను. పొద్దున తీసిన ఫోటో చూపించాను. అన్నిటికీ జవాబులు ఇచ్చాను. అడగనిది కూడా చెప్పాను, కుడిపక్క గరగరమంటోందని. ఆవిడ అక్కడే గొట్టం పెట్టి చాలాసేపు విని తలూపింది. కడుపు కెమెరా సంగతి పక్కకి పోయింది. ఆ పూటే ఛాతీ ఎక్స్‌రేకి, ఆసుపత్రికి పంపింది.

ఆసుపత్రిలో కఫం పరీక్షకి తీసుకుని, టీబీ కాదని తేలేదాకా నన్ను ఒక్కదాన్నే వేరే గదిలో ఉంచారు. వచ్చినవాళ్ళంతా మాస్కులు పెట్టుకునే వచ్చారు. మా అమ్మాయి హడలిపోయింది. తెలిసినవాళ్ళకి ఏం చెప్పాలి, పిల్ల స్కూల్లో ఏమనుకుంటారు అని దాని బాధ. మంచం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఫ్యామిలీలో ఎవరికైనా టీబీ ఉందా అని అడుగుతారు. లేదని చెప్పెయ్. మీ మేనత్తగారి హస్బెండ్ విషయం ఎత్తకు ప్లీజ్. లేనిపోని కాంప్లికేషన్స్" అని బతిమాలింది.

దాని మొహంలో అచ్చంగా మా అమ్మ కనపడింది. ఆవిడ నన్ను చెయ్యని దొంగతనం ఒప్పుకోమంది, ఇది మామయ్యకి ఉన్న జబ్బు లేదనమంటోంది. ఇద్దరికీ నా మీద ప్రేమే. ఆ ప్రేమకో దండం! "చూడు, తొమ్మిదేళ్ళప్పుడే నేను భయపడి అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు చెబుతానా? వాళ్ళు ఏ పేరు పెట్టినా నాకు ఫరవాలేదు, క్షయ అననీ, క్యాన్సర్ అననీ. చూసి పెట్టమను. చూడకుండా పెట్టే పేరు నాకొద్దు" అన్నాను. డాక్టర్లు వచ్చి అడిగినప్పుడు మామయ్య క్షయతో పోయాడని, మేనత్త ఆయనకి సేవ చేసి మా ఇంట్లోనే ఉండేదని అంతా చెప్పాను. మా అమ్మాయే ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఈసారి మాట మార్చలేదు, నేను చెవి ఒగ్గి వింటూనే ఉన్నాను.

కఫంలో క్షయ లేదన్నారు. తర్వాత స్కాన్ తీశారు. కుడి ఊపిరితిత్తిలో కిందివైపు గాలి గొట్టాలు కొన్ని ఎప్పటినుంచో సాగి వెడల్పైపోయాయట. అక్కడ కఫం నిలవుండి, చలికి ఇన్ఫెక్షన్ పట్టి, లోపలి పొర ఒరుసుకుని రక్తం వచ్చిందట. క్యాన్సర్ కాదన్నారు. మందులిచ్చారు, రోజూ కఫం బయటికి తెచ్చుకునే ఊపిరి వ్యాయామం నేర్పారు. దగ్గింది అన్న మాట ఆ రోజే తెలియకపోతే కడుపు వెతుకుతూ ఇంకొన్నాళ్ళు పోయేవని ఆ డాక్టరు అన్నాడు. నేను మా అమ్మాయి వంక చూశాను. అది తల దించుకుని, నా శాలువా సరిచేసింది.

మొన్న ఇక్కడికి దగ్గర్లోనే బోటనీ డౌన్స్‌లో తెలిసినవాళ్ళింట్లో వ్రతానికి వెళ్ళాం. తాంబూలం ఇస్తూ ఒకావిడ, "ఆంటీ, మీరు రక్తం కక్కుకున్నారటగా! ఎవరి కన్ను పడిందో ఏమో. ఇప్పుడెలా ఉంది?" అంది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి అందుకుంది. "కక్కుకోలేదండీ. దగ్గింది. కన్నూ కాదు, ఏమీ కాదు. లంగ్స్‌లో ప్రాబ్లం, స్కాన్‌లో కనపడింది" అని హాల్లో అందరికీ వినపడేంత గట్టిగా చెప్పింది. ఆ గొంతు మా మేనత్తది. ఎప్పుడు వచ్చిందో ఏమో దానికి. నాకు ఎంత సంతోషమేసిందంటే, డాక్టరు వద్దన్నా వాళ్ళ బూరె ఒకటి ఎక్కువ తిన్నాను.

ఇప్పటికీ నా సింకు పక్కన తెల్ల సాసరు ఉంటుంది. ఎవరూ దాన్ని కాఫీకి వాడరు. దగ్గొచ్చిన రోజు అందులో చూసుకుంటాను, కళ్ళు మూసుకోను. ఎవరైనా ఒంట్లో బాగోలేదంటే పేరు పెట్టేముందు ఎక్కడ, ఎలా, ఏ రంగు అని అడుగుతాను. నాకు వైద్యం రాదు, అడగడం వచ్చు.

ఇదంతా విన్నాక మనవరాలు నవ్వడం మానేసింది. సోఫాలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుని, "దెన్ హూ టుక్ ఇట్, అమ్మమ్మా?" అని అడిగింది. దిద్దు సంగతి. నిజమే, ఇన్నేళ్ళూ నేను మనసులో ఒకరిద్దరిని అనుమానించకపోలేదు. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు, పేరు చెప్పినా అడ్డంపడేవాళ్ళు లేరు. అయినా నోరు రాలేదు.

"నేను చూడలేదమ్మా. చూడనిదానికి ఎవరి పేరూ పెట్టను. నేను మాత్రం తియ్యలేదు."